చలికి లారీ స్టార్ట్ కాకపోతే కింద మంట పెట్టకుండ్రి

ఎడిటర్ గారికి నమస్కారం,

పత్తి సీజన్ల మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర రాత్రంతా నిలబెట్టిన పాత లారీలు, డీసీఎంలు పొద్దుగాల చలికి స్టార్ట్ కాకుంటే కొంతమంది ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ కింద కాగితాలు, గోనె సంచులు వేసి మంట పెడుతున్నరు, పైన పత్తి లోడు ఉన్నా సరే. ఇంకొందరు ఎయిర్ ఫిల్టర్ ఊడదీసి పెట్రోల్ గుడ్డ అడ్డం పెడుతరు, ఆ పెట్రోల్ ఆవిరి ఇంజన్ లోపల ముందే పేలి పిస్టన్, రింగులు పోతయి, ఒక్కోసారి మంట బయటికే తన్నుతది. దయచేసి ఈ రెండూ బంద్ చేయండ్రి.

డీజిల్ గడ్డ కట్టిందని అంటరు గానీ నేనైతే ఒప్పుకోను. లడఖ్‌లో గడ్డ కడుతది, అందుకే 2019ల మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్ అక్కడ తెచ్చిన్రు. మన ఆదిలాబాద్‌ల మస్తు చలి పెట్టినా 3 డిగ్రీల కిందికి పోవుడు అరుదు, చలికాలం బంకుల అమ్మే డీజిల్ పోర్ పాయింట్, అంటే డీజిల్ పారుడు ఆగే చలి, 3 డిగ్రీలకు మించొద్దని రూలే ఉన్నది.

అసలు సంగతి ఏందంటే డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు ఉండదు, గాలిని గట్టిగ నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటది. చలికి బ్యాటరీ బలం తగ్గుతది, ఆయిల్ చిక్కబడుతది, సెల్ఫ్, అంటే ఇంజన్‌ను తిప్పే మోటారు, మెల్లగ తిరుగుతది, రింగులు అరిగిన పాత ఇంజన్ల ఆ గాలి కాస్త పక్కల నుంచి జారిపోతది, ఇగ వేడి ఎక్కడిది? అందుకే సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒక మనిషిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టండ్రి. తెల్ల పొగ వస్తున్నదంటే డీజిల్ లోపలికి పోతున్నది గానీ అంటుకుంటలేదు, అంటే బ్యాటరీ, దాని మీద వైర్లు బిగించే టెర్మినళ్లు చూసుకోవాలె. టెర్మినళ్ల మీద పట్టిన తెల్ల బూజు వేడినీళ్లతో కడిగి బిగించినా చాలాసార్లు పని అయితది. పొగ అసలే లేకుంటే డీజిల్ లోపలికి పోతలేదు, ఎక్కువసార్లు డీజిల్ లైన్ల ఎయిర్ పట్టి ఉంటది, రాత్రంతా ఆగిన బండికి యూనియన్ (డీజిల్ పైపు జాయింట్) కాడ వాషర్ లీకుంటే డీజిల్ వెనక్కి ట్యాంకులకు దిగిపోతది. డీజిల్ ఫిల్టర్ మీది స్క్రూ లూజ్ చేసి, నురుగు పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టుండ్రి, తర్వాత ఆ వాషర్ మార్పియ్యండ్రి, లేకుంటే రేపు పొద్దుగాల మళ్లా అదే కథ. సెల్ఫ్ పది సెకన్లకు మించి ఒత్తొద్దు, నడుమ ఒక నిమిషమన్న ఆగాలె, లేకపోతే మోటారు కాలుతది.

ఓనర్లకు ఒక మాట, చచ్చిన బ్యాటరీతో బండి పంపి డ్రైవర్‌ను తిడితే లాభం లేదు, అర్ధరాత్రి లోడు మీద ఉండేది ఆయనే. మార్కెట్ అధికారులు చలికాలం అయిపోయేదాకా గేటు కాడ 24 వోల్టుల బ్యాటరీ జత, జంపర్ కేబుళ్లు పెట్టిపియ్యాలె, పత్తి లారీల నడుమ మంట పెడితే జరిమానా వేయాలె.

— ఒక లారీ మెకానిక్, వరంగల్