నీలం బోర్డు ఎందుకు దించేశామంటే

మన వీడియో గేముల షాపు ముందున్న ప్లేస్టేషన్ నీలం బోర్డు పోయిన వారం దించేశాం. ఏజెన్సీ పోయిందా అని పాలకొల్లు, నరసాపురం నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. పోవడానికి మా దగ్గర ఏ కంపెనీ ఏజెన్సీ ఎప్పుడూ లేదండి. కొత్తవి డిస్ట్రిబ్యూటరు దగ్గర తెచ్చి అమ్ముతాం, పాతవి కొంటాం, రిపేరు చేస్తాం. నీలం బోర్డు చూసి లోపలికొచ్చినవాళ్ళు ప్లేస్టేషనే అడిగేవారు, మేమూ మారు మాట్లాడకుండా అదే చేతిలో పెట్టేవాళ్ళం. ఇక నుంచి నీలం (సోనీ ప్లేస్టేషన్), ఆకుపచ్చ (మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్), ఎరుపు (నింటెండో) మూడూ ఒకే అరలో ఉంటాయి. ఏది ఎందుకు చెడుతుందో కూడా పక్కనే రాసి పెడతాం.

ముందు డబ్బు సంగతి. కొత్త మిషను మీద మాకు మిగిలేది రవాణాకి సరిపోతే గొప్ప. కంపెనీలదీ దాదాపు ఇదే పరిస్థితి. ఒక్కో ఎక్స్‌బాక్స్ మీద 100 నుంచి 200 డాలర్ల దాకా తామే భరిస్తున్నామని అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ 2022లో ఒప్పుకున్నారు. ఆ లోటంతా గేముల మీద, నెల చందాల మీద రాబట్టుకోవాలి. మిషను ఒకసారి మీ టీవీ కిందకి చేరితే ఆరేడేళ్ళు కదలదు కాబట్టే పేరు కోసం ఇంత పోటీ. మాకు మిగిలేది కంట్రోలర్లలో, సెకండ్ హ్యాండు డిస్కుల్లో, రిపేర్లలో. అది తెలిసి మా సలహా వినండి.

కౌంటరు దగ్గర రోజూ వినబడే మాట: "ఎక్స్‌బాక్స్ కాలిపోద్దంట కదండీ?" ఇది 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 మిగిల్చిన మచ్చ. పవర్ బటన్ చుట్టూ ఎర్ర లైట్లు మూడు వెలిగాయంటే మిషను పోయినట్టే. గ్రాఫిక్స్ చిప్పు ఆడినంతసేపూ వేడెక్కడం, ఆపగానే చల్లారడం. అలా సాగి సాగి లోపలి సన్నటి అతుకులు విడిపోయేవి. తువ్వాలు చుట్టి ఆన్ చేస్తే బాగవుతుందని అప్పట్లో ఓ చిట్కా తిరిగింది. అది చేసేదల్లా ఇంకాస్త ఉడకబెట్టడమే, నాలుగు రోజులు నడిచి మళ్ళీ మొదటికొచ్చేది. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీ మూడేళ్ళకి పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు నెత్తినేసుకుంది. డబ్బు కట్టేసినా పేరు తిరిగి రాలేదు. ఇప్పటి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కీ ఆ జబ్బుకీ సంబంధం లేదు. ఆడేటప్పుడు 80 వాట్ల చుట్టూ లాగుతుంది, ప్లేస్టేషన్ 5 అయితే 200 వాట్ల దాకా పోతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద ఆడుకునే ఇంటికి ఈ తేడా చిన్నది కాదు.

సిరీస్ ఎస్‌లో అసలు లోటు వేరే ఉంది. డిస్కు పెట్టే చోటే లేదు. 512 జీబీ మోడల్లో మీకు మిగిలేది 364 జీబీ, పెద్ద గేములు మూడు నాలుగు పడితే నిండిపోతుంది. పైగా ఎక్స్‌బాక్స్‌లోనే దొరికేవన్న గేములు కూడా ఇప్పుడు అవతలి పక్షానికి వెళ్ళిపోతున్నాయి. 2025లో ఫోర్జా హొరైజన్ 5 ప్లేస్టేషన్‌కి వచ్చేసింది, హేలో కూడా వస్తుందని ప్రకటించారు. ఫోనూ టీవీ కూడా ఎక్స్‌బాక్సేనని కంపెనీయే ప్రచారం చేశాక పెట్టె ఎందుకు కొనాలో మేం చెప్పలేం. నెల చందా కట్టి రకరకాల గేములు ఆడేవాళ్ళకి, ఇంట్లో ఫైబర్ నెట్ ఉన్నవాళ్ళకి మాత్రం సిరీస్ ఎస్సే ఇస్తాం.

ఇక సోనీ. "వాళ్ళు ఆడేవాళ్ళ పక్షం" అన్న పేరు 2013లో గట్టిపడింది. ఎక్స్‌బాక్స్ వన్ అనే కొత్త మిషను రోజుకోసారైనా నెట్‌కి తగలాలని, సెకండ్ హ్యాండు డిస్కులకి షరతులని మైక్రోసాఫ్ట్ చెప్పింది; ధర 499 డాలర్లు. సోనీ తన ప్లేస్టేషన్ 4 ధర 399 అని ప్రకటించి, డిస్కు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికిచ్చే చిన్న వీడియో వదిలింది. షేరింగ్ అంటే ఇంతే అన్నట్టు. కొద్దిరోజులకే మైక్రోసాఫ్ట్ షరతులు వెనక్కి తీసుకున్నా లాభం లేకపోయింది. అంతకు ఏడేళ్ళ ముందు ప్లేస్టేషన్ 3కి 599 డాలర్లు అడిగిందీ ఈ సోనీయే, అది ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు ప్లేస్టేషన్ 5 స్లిమ్‌కి విడిగా డిస్కు డ్రైవు తగిలిస్తే మొదటిసారి నెట్‌లో జత చెయ్యందే పని చెయ్యదు. పాత లావు మోడల్లో డ్రైవు వెనకున్న చిన్న బోర్డు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, అది మారితే డిస్కు చదవదు. అందుకే సెకండ్ హ్యాండులో కొనేటప్పుడు డిస్కు పెట్టి, గేము మొదలయ్యేదాకా చూసి గానీ డబ్బులివ్వకండి.

మా బల్ల మీదకి ఎక్కువగా వచ్చేది కూడా ప్లేస్టేషన్ 5యే, ఎక్కువ అమ్ముడయ్యేది అదే కాబట్టి. తెల్ల లైటు నిలకడగా వెలుగుతూ టీవీలో బొమ్మ రాకపోతే ముందు టీవీకి బొమ్మ పంపే హెచ్‌డీఎమ్‌ఐ కేబులు మార్చండి, తర్వాత టీవీలో ఇంకో పోర్టు చూడండి. అప్పటికీ రాకపోతే కేబులు తీసి ఫోను లైటు మిషను వెనకున్న పోర్టులోకి వెయ్యండి. లోపల 19 పిన్నులుంటాయి. ఒకటి వంగినా, మధ్య నల్ల నాలుక విరిగినా పోర్టు పోయినట్టే. దాన్ని మార్చడం గంటన్నర పని. పోర్టు బాగుండీ బొమ్మ రాలేదంటే దాని వెనక ఎంఎన్ 864739 అనే చిప్పు పోయి ఉండొచ్చు, ఖర్చు రెట్టింపవుతుంది. ఇవి ఊరికే పోవు. కేబులు ఉండగానే మిషను పక్కకి లాగడం ఒక కారణం. నరసాపురం, అంతర్వేది వైపు ఇళ్ళ నుంచి వచ్చేవాటిలో ఉప్పుగాలికి పోర్టు చుట్టూ పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. చీమలు, బొద్దింకలు, ఒక్కోసారి బల్లి కూడా. పవర్ సప్లైలో బల్లి పడితే ఏ కంపెనీదైనా ఒకటే.

ప్లేస్టేషన్ 5లో దుమ్ముకి పక్క పలకలు ఊడదీసి, లోపలి రెండు గుంటల దగ్గర వ్యాక్యూమ్ పెడితే చాలు. హీట్‌సింక్ (చిప్పు వేడిని లాగే లోహపు దిమ్మ) దాకా విప్పించకండి. దాని కింద మామూలు పేస్టు కాదు, ద్రవలోహం ఉంటుంది. చెదిరి పక్కన పడితే షార్టే. వేడికి మిషను దానంతటదే ఆగిపోతుంటేనే మేం అక్కడిదాకా విప్పుతాం.

కంట్రోలరు మీది స్టిక్ ముట్టుకోకుండానే బొమ్మ పక్కకి జారిపోతుంటే లోపలి కార్బన్ పూత అరిగిందన్నమాట. మూడు కంపెనీల కంట్రోలర్లకీ ఉన్న రోగమే ఇది. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లకైతే 14 అతుకులు ఊడదీసి కొత్తది వెయ్యాలి, తర్వాత కంప్యూటరుకి తగిలించి సరిచెయ్యాలి. మామూలు స్టిక్‌కి 900, అయస్కాంతంతో పనిచేసేదానికి 1,400 తీసుకుంటున్నాం. పిల్లలున్న ఇంటికి రెండోది వేయించుకోండి.

నింటెండో స్విచ్ తెచ్చి ఇమ్మనేవాళ్ళు పెరిగారు. చిన్నప్పుడు క్యాసెట్ల గేముని పేరేదైనా మారియో గేమనే పిలిచిన మమకారమది, అందులో చాలా వరకు నకిలీలే అయినా. స్విచ్ మేం అమ్మేది బయటి దేశం సరుకు. ఇక్కడ కంపెనీ వారంటీ ఉండదు, మాది మూడు నెలలే. మొదటి స్విచ్‌ని డాకులో (టీవీకి కలిపే స్టాండు) పెట్టి టీవీలో చూడాలంటే 15 వోల్టులిచ్చే అడాప్టరు కావాలి, మామూలు ఫోను ఛార్జరుతో బొమ్మ రాదు. స్విచ్ 2కి గేము కీ కార్డులని కొన్నొస్తాయి: క్యాసెట్‌లో గేముండదు, తాళమే ఉంటుంది, గేము డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే. అట్ట మీద ఆ గుర్తు చూసి కొనండి.

భోగి నుంచి కనుమ దాకా షాపు మూసేస్తాం. పోర్టు, చిప్పు పనులు డిసెంబరు 31 దాకానే తీసుకుంటాం, స్టిక్‌లు జనవరి 10 దాకా. మిషను తెచ్చేటప్పుడు పవర్ కేబులు, హెచ్‌డీఎమ్‌ఐ కేబులు కూడా పట్టుకురండి, సగం తప్పులు వాటిలోనే ఉంటాయి.