ఒక ఊరు, రెండు షీట్లు

హన్మకొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నువ్వు పంపిన కొలాజ్ ఫొటో అమ్మ పెద్దది చేసి చేసి చూసింది. టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టిన కాగితం, మూలన దిక్కులు చూపే నక్షత్రం, తెరచాపల ఓడ, ఒకదాని మీద ఒకటిగా పాత మ్యాపుల ముక్కలు. చెయ్యి బాగా కుదిరింది. కానీ మూడు రోజులుగా ఒక మాట నా మనసులో తిరుగుతోంది. ఫోన్‌లో అయితే సగమే చెప్తానని రాస్తున్నా. ఓడ బయల్దేరిన చోటు నీ బొమ్మలో ఉంది, చేరిన చోటు లేదు. అందులో మన ఊరు లేదు.

పార్సిల్‌లో రెండు పాత టోపోషీట్ల, అంటే సర్కారు సర్వే మ్యాపుల, జిరాక్సులు పెట్టాను. అసలువి నా దగ్గరే ఉన్నాయి, వాటి మీద కత్తెర పెట్టనివ్వను. ఒకదాని నంబరు 56 ఎన్/12, ఇంకోదానిది 56 ఓ/9. ఒక్క ఊరికి రెండు షీట్లు ఎందుకంటావా? సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు దేశాన్ని అక్షాంశాలు, రేఖాంశాల లెక్కన ముక్కలు చేశారు. 18 డిగ్రీల అక్షాంశ గీత సరిగ్గా వేయి స్తంభాల గుడికీ భద్రకాళి గుడికీ నడుమ పోతుంది. అందుకే వేయి స్తంభాల గుడి ఒక షీటు అడుగున పడింది, భద్రకాళి గుడి, కోట రెండో దాంట్లో పడ్డాయి. నిన్ను వెనక కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు ఆ గీత దాటి ఉంటానో. నేల మీద అది ఎక్కడా కనిపించదు.

కోట దగ్గర ఆగి చూడు. మట్టికోట గుండ్రంగా, దాని లోపల రాతికోట గుండ్రంగా, నడిమధ్యన నాలుగు తోరణాలు. కాకతీయులు ఊరిని గుండ్రంగా కట్టుకున్నారు, కొలవడానికి వచ్చినవాళ్ళు పలకల్లాగా కోశారు. నీ కొలాజ్‌కు ఇంతకన్నా ఏం కావాలి? రెండు షీట్లనూ కలిపి అతికించు, అతుకును మాత్రం దాచకు.

ఆ కొలిచినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణాల సర్వేలోకి 1818లో జార్జ్ ఎవరెస్ట్ అనే దొర వచ్చి చేరాడు. మరుసటి ఏడు కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో వానాకాలం పనిచేస్తుంటే ఆయనా, వెంట ఉన్న మనుషులూ జ్వరాలతో పడిపోయారు. కోణాలు కొలిచే వాళ్ళ పరికరం థియోడోలైట్ బరువు అర టన్ను. దాన్ని గుట్టల మీదికి ఎక్కించింది మోసినవాళ్ళ భుజాలే. 1865లో హిమాలయాల్లోని అన్నిటికన్నా ఎత్తైన శిఖరానికి ఎవరెస్ట్ పేరు పెట్టారు. ఈ మోసినవాళ్ళ పేర్లు ఏ మ్యాపులోనూ లేవు. వాళ్ళకు నీ బొమ్మలో చోటివ్వు. తలపాగా చుట్ట కోసం నానమ్మ పాత నూలుచీర కొంగు కోసి పంపుతున్నా. అది నానమ్మే ఇచ్చింది.

ఓడను తీసేయమనను. దాన్ని కాకతీయుల కాలంనాటి మోటుపల్లి రేవుకు తీసుకురా. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే రోజుల్లో, మన గణపతిదేవుడు అలా చెయ్యనని, సుంకం మాత్రమే తీసుకుంటానని 1244లో అక్కడ శాసనం వేయించాడు. తర్వాత మార్కో పోలో ఆ రేవు పేరుతో ఒక రాణి రాజ్యం గురించి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత పలచని బట్టల గురించి చెప్పాడు. ఆ రాణి మన రుద్రమదేవే అంటారు. వచ్చినవాళ్ళు రాసిందీ ఉంది, మనం రాతి మీద చెక్కిందీ ఉంది. రెండూ పక్కపక్కన పడితే ఆ ఓడకు అర్థం వస్తుంది.

ఇక నా పని సంగతి. ముప్పై ఏళ్ళుగా బైండింగ్ చేస్తున్నవాణ్ణి, ఇది మాత్రం గట్టిగా చెప్తాను. బట్టకు ఉన్నట్టే కాగితానికీ ఒక వాటం, అంటే పీచు పోయే దిక్కు, ఉంటుంది. పనికిరాని ముక్క తీసుకుని చింపి చూడు. వాటం వెంబడి అయితే చీలిక నేరుగా పోతుంది, అడ్డం అయితే వంకర్లు పోతుంది. జిగురు తడికి కాగితం వాటానికి అడ్డంగా సాగుతుంది. అందుకే అట్ట వాటం, దాని మీది కాగితం వాటం ఒకే దిక్కున ఉండాలి. ఒకసారి ఒక గిరాకీ వాళ్ళ ఊరి నక్షా అతికించమని తెచ్చాడు. తొందరలో వాటం చూడలేదు. తెల్లారేసరికి అట్ట విల్లులా వంగింది, ఒక పొలం గట్టు గీత మధ్యలోకి చిట్లిపోయింది. ఆయన ఏమీ అనలేదు, ఆ గీత మీద వేలుపెట్టి నిమిరాడు. ఆ వేలు నేను మర్చిపోలేదు.

మైదా జిగురు పలచగా ఉడికించు, బాగా చల్లారాక వాడు. ముందు కాగితానికి రాసి రెండు నిమిషాలు ఆగు, అది సాగేంత సాగాక అతికించు. మధ్య నుంచి అంచులకు గుడ్డతో ఒత్తు. పైన బరువు పెట్టి రాత్రంతా వదిలెయ్. ఎండలో మాత్రం పెట్టకు.

ఎగ్జిబిషన్ టైమ్ దగ్గరపడిందని టెన్షన్ పడకు. మొదటి బొమ్మను చింపకు, అలాగే ఉంచు. ఇది రెండోది అనుకో. కోట వలయాన్ని ఒకసారి కంపాస్‌తో, ఒకసారి చేత్తో చింపి చూడు. నాకైతే చేత్తో చింపిందే నచ్చుతుందనిపిస్తోంది, కానీ నీ కన్ను చెప్పిందే చెయ్యి.

సకినాల డబ్బా కింద రెండు అట్టలు ఉంటాయి. ప్యాకింగ్ అనుకుని పారేసేవు, షీట్లు వాటి మధ్యనే ఉన్నాయి. అట్టల వాటం బాణం గుర్తుతో పెన్సిల్‌తో రాసి పెట్టాను.

నీ బాపు