చలమయ్య వెంట పంపుతున్న ఉత్తరం

విజయవాడ,
జనవరి 19

చి.ల.సౌ. సుధను అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం కులాసా. అక్కడ మీరు ముగ్గురూ కులాసా అని తలుస్తాను. ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో. ఫోనులో అయితే నువ్వు స్పీకరు పెడతావు, పక్కన కుక్కరు కూతలు, బుజ్జిగాడి గోల, రెండు నిమిషాలకే "మళ్ళీ చేస్తానమ్మా" అంటావు. ఆ మళ్ళీ చేయడం సంక్రాంతికి కూడా కుదరలేదు. పండగ పూట వాట్సాప్‌లో ముగ్గు బొమ్మ ఒకటి వచ్చింది, అంతే. పని ఒత్తిడి ఉంటుంది, నేనేమీ అనడం లేదు. శ్యామల కొడుకు శుక్రవారం న్యూజెర్సీ బయలుదేరుతున్నాడు. చలమయ్యను వాడి చేతికిచ్చి పంపుతున్నాం. ఆ సంచిలోనే ఇదీ పెడుతున్నాను.

చలమయ్య అంటే మీ వాడి క్లాసు ఎలుగుబంటి బొమ్మ. చార్లీ అనే పేరు సుబ్బు పిన్నికి నోరు తిరగక, దిగిన పూటే వాడిని చలమయ్యను చేసేసింది. వాడు వచ్చిన దగ్గర నుంచి మీ నాన్నగారి కాలు ఒకచోట నిలవడం లేదు. టీచరు పంపిన కాగితాన్ని ఆఫీసు సర్క్యులర్ చదివినట్టు కళ్ళజోడు సవరించుకుని చదివారు. ఊళ్ళో చూడదగ్గ చోట్లకు తిప్పాలి, ఫొటోలు తీయాలి, డైరీలో పేజీలు రాయాలి, ఫిబ్రవరి నెలాఖరులోగా తిరిగి చేర్చాలి. 1995లో కెనడాలో ఒక మాస్టారు కాగితపు బొమ్మలను కవర్లలో పెట్టి ఊరూరా పంపించే ఆట మొదలుపెట్టాడని, ఇదీ ఆ తోవలోదేనని ఎక్కడో చదివి నాకు పాఠం కూడా చెప్పారు. పదవీ విరమణ తర్వాత ఆయనకు ఇంత పని దొరకడం ఇదే. అందుకు మీ టీచరుకు దణ్ణం పెట్టాలి.

మొదట ప్రకాశం బ్యారేజీ. పిట్టగోడ మీద చలమయ్యను కూర్చోబెట్టి, వెనక అమ్మవారి కొండ కనబడేలా ఫొటో తీశారు. డైరీలో ఏం రాశారో తెలుసా? పొడవు 1223.5 మీటర్లు, గేట్లు 70, పూర్తయినది 1957, అంతకుముందున్న ఆనకట్ట 1855 నాటిది. రెండో తరగతి పిల్లలకు ఇవన్నీ ఎందుకండీ అంటే, "వాళ్ళలో ఎవడు ఇంజనీరు అవుతాడో నీకేం తెలుసు" అన్నారు. చివర నేను "గాలి చల్లగా ఉంది, చార్లీకి వేయించిన పల్లీలు కొనిపెట్టాం" అని కలిపించాను. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి గేట్ల బరువు దిమ్మెలు విరగ్గొట్టిన చోటును కూడా వేలు పెట్టి చూపించారు, ఆ గుడ్డ బొమ్మకు! అప్పుడు 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది కృష్ణ. బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. మన వీధిలోకి నీళ్ళు రాలేదని ఎంత చెప్పినా నువ్వు నమ్మక, పూటకు రెండుసార్లు ఫోను చేసి, మేడ మీదకు వెళ్ళి వీడియో చూపించమని ప్రాణం తీశావు. ఇక్కడ కష్టం వస్తే మేము చెప్పాలి, చూపించాలి. అక్కడి సంగతి మాత్రం అడగకూడదు. సరే, చలమయ్య సంగతికి వస్తాను.

ఉండవల్లి గుహలకు వెళ్ళాం. నాలుగు అంతస్తులూ ఎక్కాలని మీ నాన్నగారి పంతం, మోకాళ్ళు ఆయనవా నావా! శేషతల్పం మీద పవళించిన అనంతపద్మనాభస్వామి దగ్గర ఆగిపోయి, ఇక కదలనన్నాను. నీ చెప్పు పోయిన మెట్లు అలాగే ఉన్నాయి. అమ్మవారి కొండకు మాత్రం వాడిని తీసుకెళ్ళలేదు, జనంలో ఎవరైనా లాక్కుపోతే మీ వాడికి ఏం జవాబు చెప్పాలి. నేనొక్కదాన్నే వెళ్ళి కుంకుమార్చన చేయించాను. గోత్రం చెప్పి, అల్లుడుగారి పేరు అందరికంటే ముందు చెప్పించాను. ప్రత్యేకంగా కారణమేమీ లేదు.

ఇక బొమ్మల కొలువు. అయిదు మెట్లు కట్టాను. పై మెట్టు మీద దశావతారాలు, తర్వాత ఏటికొప్పాక లక్క బొమ్మలు, మూడో మెట్టు మీద నీ పెళ్ళికి రమణ మామయ్య ఇచ్చిన పెళ్ళికొడుకు పెళ్ళికూతుళ్ళు. వాళ్ళ పక్కన చలమయ్య. భోగి నాడు సాయంత్రం వెంకాయమ్మగారి మనవలకు భోగిపళ్ళు పోస్తూ, మన బుజ్జిగాడు లేడు కదా, వాడి బదులు వీడికి పోద్దాం అంది పిన్ని. పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు తల మీద నుంచి పోశాం. రేగిపండొకటి చితికి ఎడమ చెవి దగ్గర మరక పడింది. సబ్బు పెట్టి రుద్దాను, కొంచెం ఉండిపోయింది. రూపాయి బిళ్ళ కాలర్‌లోకి దూరింది, అది తీయకు, మీ వాడి కోసమే ఉంచాను. ఆ దిష్టి ఒక్క పిల్లవాడిదే పోవాలని కాదు, మీ ఇంటిల్లిపాదిదీ పోవాలనే పోయించాను.

సంక్రాంతి నాటి పేరంటానికి వచ్చిన వాళ్ళలో ముత్యాలమ్మగారి కోడలు, శనగలు కొంగులో పోయించుకుంటూ అందరిలోనూ అడిగింది, "అమెరికాలో మళ్ళీ ఉద్యోగాలు తీసేస్తున్నారట కదండీ, మీ అల్లుడుగారిది కూడా ఆ కంపెనీయేనటగా?" అని. నేను తాంబూలం ఇస్తూ, మీ అత్తగారి పిత్తాశయం ఆపరేషను ఎంతవరకు వచ్చిందని అడిగాను. ఆవిడకు ఆ కథ ఇష్టం. అది ముగిసేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఎవరి నోట విన్నదో నాకు తెలియదు, నేను అడగలేదు కూడా.

ఆ గందరగోళంలోనే వెంకాయమ్మగారి చిన్న మనవడు చలమయ్య కుడి చెయ్యి పట్టుకుని లాగాడు. భుజం దగ్గర కుట్లు ఊడి దూది బయటికి వచ్చింది. మర్నాడే బాగు చేయిస్తానని మీ నాన్నగారు బయలుదేరబోతే ఆపాను. కనుమ నాడు కాకి కూడా కదలదు అంటారు కదా. చివరికి నిన్న ఆదివారం మైలవరం బస్సెక్కి కొండపల్లిలో దిగాం. ఈ ఊళ్ళో దర్జీలు లేరా అంటే, "బొమ్మలకు వైద్యం కొండపల్లిలోనే జరగాలి" అన్నారు ఆయన.

బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన, నీ చిన్నప్పుడు అంబారీ ఏనుగును కొన్నది వాళ్ళ నాన్న దగ్గరే అనుకుంటాను, చలమయ్యను చేతిలోకి తీసుకుని వెనక్కూ ముందుకూ తిప్పి చూసి, "మాది కర్ర పనండీ, గుడ్డ పని మా ఆవిడ చూస్తుంది" అని లోపలికి పంపాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కించేలోగా మీ నాన్నగారు మొదలుపెట్టారు ప్రశ్నలు. తెల్ల పొణికి కర్ర ఎక్కడిది, ఎన్నాళ్ళు ఆరబెడతారు, వాళ్ళ పూర్వులు రాజస్థాన్ నుంచి వచ్చారంటారు నిజమేనా. ఆయన ఓపికగా చెప్పాడు. కర్రను సన్నసెగ మీద కాచి తేమంతా పోగొట్టాలట. తొందరపడి చెక్కితే తర్వాత బీటలు ఇస్తుందట. ఏ బొమ్మనూ ఒకే చెక్కలో చెక్కరట. చేతులు వేరు, కాళ్ళు వేరు, తల వేరు. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, అతుకు కనబడకుండా సున్నం పూత పూసి, ఆ పైన రంగులు.

మూల కూర్చుని ఒక కుర్రవాడు కల్లుగీత బొమ్మకు కళ్ళు దిద్దుతున్నాడు. పెద్దాయన కొడుకు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడట, కంపెనీ తీసేస్తే పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చాడట. వాళ్ళమ్మే చెప్పింది, చలమయ్య చెయ్యి కుడుతూ. వచ్చిన రోజు వాడు గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోతే ముందు అన్నం తినమందట. వీధిలో అడిగిన వాళ్ళకు కూడా ఉద్యోగం పోయిందనే చెప్పారట, దాచలేదట. పగలు బొమ్మలకు రంగులు, రాత్రి దరఖాస్తులు. ఎవరో చుట్టాలబ్బాయి చెబితే బెంగళూరులో ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిందట. తండ్రి మాత్రం పొద్దస్తమానం "రెప్ప అలా కాదురా, కుంచె పడుకోబెట్టు" అని తిడుతూనే ఉన్నాడు. ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, కుట్టు పూర్తయ్యేదాకా మాకు అక్కడ వేరే పని లేక వింటూ కూర్చున్నాం. కోట చూడాలని మీ నాన్నగారు అన్నారు కానీ ఎండెక్కింది, కింద నుంచే చూసి వచ్చేశాం.

ఇప్పుడు అసలు సంగతికి రాకపోతే కాగితం అయిపోయేలా ఉంది. డైరీలో మా పేజీల కంటే ముందు మీ వాడి పేజీ ఉంది కదా. నవంబరు తేదీ వేసి, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. మీ నాన్నగారు నాకు తెలుగులో చదివి వినిపించారు: "నాన్న ఇప్పుడు ఆఫీసుకు వెళ్ళడం లేదు. రోజూ నన్నూ చార్లీనీ స్కూలుకు నడిపించుకుని తీసుకెళ్తున్నాడు. సాయంత్రం దోసె వేస్తాడు. అది గుండ్రంగా రాదు." చదివి, "సెలవు పెట్టి ఉంటాడులే" అని డైరీ మూసేశారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రాత్రిళ్ళు ఆయన లేచి మంచినీళ్ళు తాగి వస్తున్నారు, అంతే.

వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే 60 రోజుల్లోగా ఇంకొకటి దొరకాలని శ్యామల కొడుకు మాటల్లో అన్నాడు. నేను క్యాలెండరులో లెక్కలేమీ పెట్టలేదు. నీ ఉద్యోగం మీద నీకు వేరే వీసా ఉందా, ఇప్పుడు ఎవరి వీసా మీద ఎవరున్నారు, అవన్నీ నాకు అర్థం కావు. సలహాలు చెప్పకూడదనే కూర్చున్నాను. అయినా రెండు మాటలు. కార్డుల మీద అప్పు చేయకండి. రెండో కారు అమ్మేయండి, చలికాలంలో అది మంచు కింద పడి ఉండడానికే కదా. బుజ్జిగాడి పాలు, పళ్ళు మాత్రం తగ్గించకు. ఆయన వేసిన దోసె గుండ్రంగా లేదని నువ్వు కూడా అనకు, పిల్లవాడు అన్నది చాలు. ఆయన పొద్దున్నే స్నానం చేసి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చునేలా చూడు. రాత్రి పన్నెండు దాటాక డబ్బు మాటలు మాట్లాడుకోకండి. ఆ వేళలో లెక్క ఎప్పుడూ తప్పుతుంది. నీకు కోపం వస్తే నాకు ఫోను చేసి నా మీద చూపించు. రెండు మాటలన్నాను, ఎన్ని అయ్యాయో చూడు. ఎంతైనా అమ్మను, మొదలుపెడితే ఆగదు.

మీ నాన్నగారి డిపాజిటు ఒకటి మార్చిలో చేతికి వస్తుంది. వంటింటికి టైల్సు వేయిస్తానంటున్నారు. ఉన్న గచ్చుకు ఏం వచ్చింది? నాకు ఆ టైల్సు వద్దు. ఈ విషయం నీ చెవిన వేసి ఉంచుతున్నాను.

సంచిలో పైన చలమయ్య, కింద సున్నుండలు, కందిపొడి, కొత్త ఆవకాయ ఇంకా పెట్టలేదు కాబట్టి గోంగూర పచ్చడి. సీసా మూతకు రెండు పొరలు ప్లాస్టిక్ చుట్టాను, అయినా ముందు చలమయ్యనే బయటికి తీయి, నూనె అంటితే మళ్ళీ కొండపల్లి వెళ్ళలేం. కల్లుగీత బొమ్మను నీ ఎర్ర ఓణీలో చుట్టాను. ఓణీ తిరిగి పంపనక్కరలేదు. ఆ గళ్ళ స్వెట్టరు అల్లుడుగారికి. చేతులు పొడుగైతే మడుచుకోమను.

మీ నాన్నగారు పొద్దున ఆరున్నరకు నడకకు వెళ్తారు, ఏడున్నర దాకా రారు. మీకు అప్పుడు రాత్రి ఎనిమిది. ఆ వేళకు చేస్తే నేనొక్కదాన్నే ఉంటాను. స్పీకరు పెట్టకు.

అల్లుడుగారిని అడిగానని చెప్పు. ఈ ఉత్తరం చూపించాలో వద్దో నీ ఇష్టం. బుజ్జిగాడికి ముద్దులు.

ఇట్లు,
మీ అమ్మ

తా.క.: గోధుమరంగు దారం లేక చలమయ్య చేతికి నీలం దారంతో కుట్టారు, చంక కిందే ఉంది కానీ చెయ్యి పైకెత్తితే కనబడుతుంది. డైరీలో మీ నాన్నగారు దాని మీద పేజీన్నర రాశారు, మక్కు తయారీతో సహా. మీ టీచరు అంత చదవకపోతే నువ్వే నాలుగు ముక్కల్లో చెప్పేయి. చెవి దగ్గర మరక రేగిపండుది, రక్తం కాదని పిల్లలకు ముందే చెప్పు.