వార్షిక నివేదిక: ఎముకల వార్డులో పోషకాహార సేవ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది శ్రీకాకుళంలో మన సంఘం ఎక్కువగా పనిచేసింది తుంటి, తొడ ఎముకలకు ఆపరేషన్ అయిన వారి తిండి గురించే. ప్రోటీన్ పౌడరు కొనివ్వడంతో మొదలుపెట్టాం గానీ, అంతకంటే ముందు పథ్యం సంగతి తేల్చాల్సి వచ్చింది. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, గుడ్డు వేడి చేస్తుందని ముసలివాళ్లకు ఉత్త చారన్నం పెడుతున్నారు. గాయం మానడానికీ, మంచం మీద కండ కరిగిపోకుండా ఉండడానికీ కావలసింది పప్పు, గుడ్లలో ఉండే ఆ మాంసకృత్తులే (ప్రోటీన్). కిడ్నీ జబ్బు లేనివారికి రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 50 కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు కావాలి. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, 60 గ్రాముల కందిపప్పు, గుప్పెడు వేరుశనగ గుళ్లు, రెండు పూటలా అన్నం తింటే దాదాపు సరిపోతుంది. నోరు సహించక సగంలో చెయ్యి కడిగేసేవారికే పౌడరు ఇచ్చాం.

చోడి (రాగి) అంబలి ఒక్కటే చాలనుకోవద్దు. 40 గ్రాముల చోడిపిండిలో కాల్షియం సుమారు 140 మిల్లీగ్రాములున్నా, మాంసకృత్తులు 3 గ్రాములే.

పౌడరు మరిగే పాలలో వేస్తే ఉండకడుతుంది. స్టీలు గ్లాసు అడుగున అంటుకున్న ఆ ముద్దను కడిగి పారబోస్తున్నారు, పోయేది అసలు సరుకే. ముందు రెండు చెంచాల చల్లార్చిన నీళ్లలో పేస్టులా కలిపి, తర్వాత గోరువెచ్చని పాలు పోయాలి. పాత డబ్బాలోని స్కూపు కొత్త డబ్బాకు వాడకండి, కొలత మారుతుంది. షుగరున్నవారు డబ్బా వెనక చక్కెర ఎంతో చూడాలి.

మాత్రల దగ్గరే ఎక్కువ పొరపాట్లు. కాల్షియం, ఐరన్ కలిపి మింగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ నాలుగు గంటలు. ఐరన్ మీద టీ తాగకూడదు. డాక్టరు వారానికొకటి రాసిన 60,000 యూనిట్ల విటమిన్ డి రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులవుతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చినవారి విషయంలో కమిటీ గట్టి నిర్ణయం తీసుకుంది: కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఆ ఉద్దానం ప్రాంతపు రోగులకు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) రిపోర్టు చూడకుండా పౌడరు డబ్బా ఇవ్వం. కిడ్నీ దెబ్బతిని డయాలసిస్‌కు వెళ్లనివారికి మాంసకృత్తులు మామూలుగా తగ్గిస్తారు, డయాలసిస్ మీదున్నవారికి పెంచుతారు. ఆపరేషన్ అయ్యాక ఎంత ఇవ్వాలో కిడ్నీ డాక్టరు చీటీ మీద రాయించుకుని రావాలి.