అత్తగారి టీ గ్లాసు, రద్దయిన నా పేపరు

సంపాదకుల వారికి,

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో హాజరు పట్టీలు, పీఎఫ్, ఈఎస్ఐ చూసే ఉద్యోగిని నేను. ప్రమోషన్ కోసం రెండేళ్ల ఆన్‌లైన్ ఎంబీఏ హెచ్ఆర్‌లో చేరాను. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం ఈ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే. దాంతో నాకు పేచీ లేదు, పేచీ అంతా పరీక్షతోనే.

ఇంట్లో ల్యాప్‌టాప్ కెమెరా ముందు రాస్తుండగా మా అత్తగారు తలుపు తోసుకుని వచ్చి, టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లారు. పది సెకన్లు కూడా పట్టలేదు. 'గదిలో రెండో వ్యక్తి' అంటూ పేపరు రద్దు చేశారు. అప్పీలుకు గడువు మూడు రోజులట. అది అరవై పేజీల హ్యాండ్‌బుక్‌లో ఎక్కడో ఉందట. నెలాఖరు జీతాల హడావుడిలో నేను మెయిల్ చూసుకునేసరికి నాలుగో రోజు. ఇక మళ్లీ ఫీజు కట్టి, వచ్చే సెమిస్టర్‌లో రాయాలి.

విడ్డూరం ఏమిటంటే, ఆ పేపరు పారిశ్రామిక సంబంధాలు. శిక్ష వేసే ముందు చార్జిషీటు ఇవ్వాలి, కార్మికుడి సంజాయిషీ వినాలి అని అందులో రెండు పేజీలు రాశాను! మా షెడ్డులో వెల్డర్‌ని తీసేయాలన్నా ముందు నోటీసిచ్చి, విచారణ జరపాల్సిందే.

రద్దు చేసే ముందు ఆ వీడియో చూపించి, 'ఏమిటమ్మా ఇది?' అని అడగాలి. అప్పీలుకు కనీసం పదిహేను రోజులివ్వాలి, ఫోన్‌కి మెసేజ్ పంపాలి. అత్తగారైతే నేను ల్యాప్‌టాప్ తెరిస్తే చాలు, వంటింట్లోంచి బయటికి రావడం లేదు.

– ఒక హెచ్ఆర్ అసిస్టెంట్, పటమట, విజయవాడ