సంక్రాంతి సెలవులకి నీ నావెల్స్ సంగతి

అమ్మలూ,

మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వు హంగర్ గేమ్స్ నావెల్స్ మూడూ అయిపోయాయమ్మా, ఇప్పుడేం చదవను అని అడిగావు, నేను చెప్పేలోపే మీ వార్డెన్ గారు టైం అయిపోయిందన్నారు, అందుకే కూర్చుని రాస్తున్నా. మూడోది మాకింగ్‌జేలో హీరోయిన్ కాట్నిస్ చెల్లెలు ప్రిమ్ దగ్గరికి వచ్చేసరికి ఏడుపాగలేదన్నావు కదా, అప్పట్నుంచీ నాకదే ఆలోచన, అంత కదిలిపోయిన పిల్ల చేతిలో దాని తర్వాత ఏ పుస్తకం పెట్టాలా అని.

నీ రూమ్మేట్స్ అదే సిరీస్‌లో తర్వాత వచ్చిన ప్రెసిడెంట్ స్నో కథ, కాట్నిస్ గురువు హేమిచ్ కథ మొదలుపెట్టారన్నావు. బానే ఉంటాయి, కాదనను. కానీ మాకింగ్‌జే 2010లో వస్తే స్నో పుస్తకం వచ్చింది 2020లో, హేమిచ్‌ది 2025లో, రాసినావిడే పదేళ్లు ఆగింది, నువ్వు వేసవి దాకా ఆగలేవా. నేనెందుకు ఆగమంటున్నానంటే మూడు పుస్తకాలు వరసగా కాట్నిస్సే నీకు కథ చెప్పింది, తనకి తెలిసిందే నీకూ తెలుసు, తనకి తోటి ఆటగాడు పీటా మీద అనుమానమొస్తే నీకూ అనుమానమే. ఇప్పుడు నీకు కావాల్సింది వేరే గొంతు. అట్ట మీద బొమ్మ, వెనక రాసిన పొగడ్తలు అన్నీ తర్వాత, ముందు కథ ఎవరు చెప్తున్నారో చూసి పుస్తకం తియ్యి.

అందుకే ఫస్ట్ ది అవుట్‌సైడర్స్ చదువు. 1967లో వచ్చింది, రాసిన ఎస్.ఇ. హింటన్ అప్పటికింకా టీనేజ్ అమ్మాయే, పదిహేనేళ్లకే మొదలుపెట్టింది, అంటే నీకంటే చిన్నప్పుడే! అమ్మాయి రాసిందని తెలిస్తే రివ్యూలు రాసే మగవాళ్లు తేలిగ్గా తీసేస్తారని పూర్తి పేరు బదులు ఇనిషియల్స్ వేశారు. కథ చెప్పేది పోనీబాయ్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడు, అమ్మానాన్న లేరు, ఇద్దరన్నయ్యలే పెంచుతుంటారు, ఊళ్లో డబ్బున్న పిల్లల గ్యాంగ్‌కీ వీళ్లకీ గొడవలు. సన్న పుస్తకం, భోగి లోపే అయిపోతుంది. నీకు చివరి పేజీ ముందు చూసే అలవాటుంది కదా, దీనికి మాత్రం ఆ పని చెయ్యకు, ఒట్టు.

తర్వాత పద్మా వెంకట్రామన్ రాసిన క్లైంబింగ్ ద స్టెయిర్స్. ఇది నువ్వు తప్పకుండా చదవాలని నా కోరిక. 1941, విద్యకి పదిహేనేళ్లు, కాలేజీకి వెళ్లాలని కలలు కంటూ ఉంటుంది, వాళ్ల నాన్న డాక్టరు. స్వాతంత్ర్యం కోసం చేస్తున్న ఊరేగింపులో పోలీసు లాఠీ దెబ్బలకి ఆయన తలకి గాయమై మునుపటి మనిషి కాకుండా పోతాడు, దాంతో కుటుంబం బొంబాయి వదిలి మద్రాసులో తాతగారి ఉమ్మడింటికి చేరుతుంది. ఆ ఇంట్లో ఆడవాళ్లు కింద, మగవాళ్లు మేడ మీద, పుస్తకాలేమో మేడ మీదే ఉంటాయి. ఆ మెట్లెక్కి పుస్తకాల గదిలోకి వెళ్లాలంటే ఆ పిల్ల తాతగారి పర్మిషన్ అడగాలి, అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నా తెలుసా, అప్పుడు మన బెజవాడ కూడా మద్రాసు ప్రెసిడెన్సీయే కదా, మనిళ్లల్లో ఆడపిల్లల సంగతేంటి అని. ఇక వాళ్లన్నయ్య కిట్టా హిట్లర్ మీద యుద్ధానికి బ్రిటిష్ సైన్యంలో చేరతానంటాడు, నాన్నని కొట్టినవాళ్ల తరఫున యుద్ధమా అని విద్య తట్టుకోలేదు. నువ్వు ఎవరి వైపో చదివాక నాకు చెప్పాలి, దాని మీద మనిద్దరం గట్టిగా వాదించుకోవాలి.

అదే యుద్ధం జర్మనీలో ఒక మామూలు ఇంట్లోంచి చూస్తే ఎలా ఉంటుందో ద బుక్ థీఫ్. దాన్ని చెప్పేది ఎవరో తెలుసా, సాక్షాత్తూ మృత్యువు. ఎవరు పోతారో ముందే చెప్పేస్తుంది, అయినా మనం భయపడుతూనే చదువుతాం. అందులో లీజెల్ అనే పిల్ల పెంపుడు తండ్రి హాన్స్, పెయింట్లు వేసే మనిషి, ఇంటి కింద గదిలో గోడ మీద పెయింటుతో రాసి లీజెల్‌కి చదవడం నేర్పిస్తాడు, అది చదువుతుంటే మీ నాన్నగారు నీకు పలక మీద అఆలు దిద్దించింది గుర్తొచ్చింది. కానీ అయిదొందల పేజీల పైనే ఉంది, పరీక్షల ముందు వద్దు, వేసవికి దాచుకో. స్నో పుస్తకం ఆ తర్వాత.

ఈ మధ్యలో తెలుగుది ఒకటి పెట్టుకో, ఖదీర్‌బాబు గారి దర్గామిట్ట కతలు. ఇవి కథలు, నావెల్ కాదు, షాపులో యంగ్ అడల్ట్, అంటే టీనేజ్ పిల్లల పుస్తకాల షెల్ఫ్‌లోనూ కనపడదు, కానీ నెల్లూరు జిల్లా ముస్లిం ఇంటి పిల్లాడు తన ఇంటి సంగతులు తన యాసలోనే చెప్తుంటే ఇది పైన చెప్పిన పుస్తకాల్లో దేనికీ తీసిపోదు. అమ్మమ్మకి పైకి చదివి వినిపించు, ఆవిడ పుట్టిల్లు ఆ వైపే కదా, ఆ మాటలన్నీ నీకంటే ఆవిడకే బాగా తెలుసు.

ద గివర్ అనే నావెల్ కూడా అనుకున్నా గానీ అందులో జోనస్‌కి పన్నెండేళ్లు, తమ్ముడి వయసే, వాడికిచ్చేశా, రాత్రి లైట్ ఆపమన్నా ఆపట్లేదు.

జనవరి మొదట్లో ఇక్కడ పుస్తక మహోత్సవం ఉంటుంది, నువ్వొచ్చేసరికి అయిపోతుందేమో, అందుకే నేనూ నాన్నగారూ ముందే వెళ్తాం. దొరకనివి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెతుకుతా. నీకు అవుట్‌సైడర్స్ ముందు కావాలో విద్య కథ ముందు కావాలో ఈ ఆదివారం ఫోన్‌లో చెప్పు, వచ్చేటప్పుడు మాకింగ్‌జే మర్చిపోకుండా తీసుకురా, పక్కింటి అత్త కూతురు అడుగుతోంది.

ప్రేమతో
అమ్మ