మిట్టమధ్యాహ్నం కారు కడగకురా!

ఒరేయ్ మూర్తీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. కారు బాగుంది, ఆ ముదురు నీలం రంగు ఇంకా బాగుంది. నా కళ్లు మాత్రం దాని పక్కన బకెట్ పట్టుకుని నిలబడ్డ నీ మీదే ఆగిపోయాయి. నీ నీడ సరిగ్గా నీ కాళ్ల కింద ఉంది, అంటే మిట్టమధ్యాహ్నం. భుజం మీద పాత తువ్వాలు. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే గుండె గుభేలుమంది. నా మొదటి కారు పక్కన నేనూ అచ్చం అలాగే నిలబడేవాణ్ణి మరి.

ఆ నల్ల కారు నీకు గుర్తుందిగా? రోజూ లేవగానే పొడిగుడ్డ తీసుకుని దుమ్ము దులిపేవాణ్ణి. నా అంత శ్రద్ధ ఎవరికుంటుందిలే అని గర్వం కూడా. రెండేళ్లు తిరక్కుండానే ఒక రాత్రి వీధి దీపం కింద ఆపి చూస్తే, బానెట్ మీద దీపం వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. ఏ పిల్లలో గీశారనుకుని పాపం వీధిలో ఆడుకునే వాళ్లందర్నీ అనుమానించాను. గీసింది నేనేనని తెలిసేసరికి ఇంకో ఏడాది పట్టింది. దుమ్మంటే మెత్తటి పొడి అనుకుంటాం కానీ అందులో ఉండేది ఇసుకేరా. పొడిగుడ్డతో తుడవడమంటే గరుకు కాగితంతో రుద్దడమే.

మనం ముట్టుకునేది అసలు రంగును కూడా కాదు. రేకు మీద ప్రైమర్ అనే తొలిపూత, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటుంది. మెరుపంతా దానిదే. దాని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, ఇక నువ్వే ఊహించుకో. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపి కింది రంగును కాపాడేది ఈ పొరే. అది పూర్తిగా దెబ్బతింటే తెల్లగా పాలిపోయి, పొలుసులుగా లేస్తుంది. అప్పుడు ఏ పాలిష్ పెట్టినా లాభం లేదు, మళ్లీ పెయింట్ వేయించాల్సిందే. గీతలు పోవాలని మాటిమాటికీ పాలిష్ చేయించడం కూడా తెలివైన పని కాదు. పాలిష్ గీతను పూడ్చదు, చుట్టూ ఉన్న పొరను గీత లోతుకి అరగదీస్తుంది.

ఇంతకీ మధ్యాహ్నం గొడవేంటంటే, ముదురు రంగు కారు ఎండలో నిలబడితే రేకు 70 డిగ్రీలు దాటినా ఆశ్చర్యం లేదు. నువ్వు నీళ్లు పోసి గుడ్డ అందుకునేలోపే అవి ఆవిరైపోతాయి. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మాత్రం ఎక్కడికీ పోవు, తెల్లటి గుండ్రటి మరకలై అక్కడే కూర్చుంటాయి. మీది బోరు నీళ్లయితే మరీ కష్టం. షాంపూ నురగ కూడా అలాగే ఎండి చారలు కడుతుంది. అందుకే నీళ్లు పోసేముందు అరచేతి వెనకభాగం బానెట్ మీద ఆనించి చూడు. ఐదు సెకన్లు ఉంచలేకపోతే ఆ పూటకి బకెట్ లోపల పెట్టేయ్. అన్నిటికన్నా తెల్లవారుజాము మేలు, రాత్రంతా రేకు చల్లారి ఉంటుంది కాబట్టి. సాయంత్రమైతే ఎండ తగ్గాక ఇంకాసేపు ఆగాలి. అప్పుడే బండి నడిపి వచ్చుంటే నీడలో ఉన్నా బానెట్ వేడిగానే ఉంటుంది, అది మర్చిపోకు. కాలిపోతున్న చక్రాల మీద చల్లనీళ్లు గుమ్మరించకు, బ్రేకు డిస్కులకు మంచిది కాదు.

మరకలు ఇప్పటికే పడ్డాయా? తాజావైతే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి ఒకటి రెండు నిమిషాలు ఆనించి బాగా కడిగేయ్. ఆ చోట వాక్స్, అంటే మెరుపు కోసం పూసే మైనం కూడా పోతుంది, మళ్లీ పూసుకోవాలి. ఇది కూడా చల్లటి రేకు మీదే.

కడిగేటప్పుడు రెండు బకెట్లు పెట్టుకో. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మామూలు నీళ్లు. ప్రతిసారీ గుడ్డను ముందు మామూలు నీళ్లలో జాడించి, తర్వాతే షాంపూలో ముంచాలి. నాకూ మొదట్లో ఇదంతా చాదస్తం అనిపించింది. ఒకరోజు కడగడం అయ్యాక ఆ రెండో బకెట్ అడుగున పేరుకున్న ఇసుక చూశాక నోరు మూసుకున్నాను. అదంతా మళ్లీ కారుకే రుద్దేవాణ్ణన్నమాట ఇన్నాళ్లూ! చక్రాలకు వేరే గుడ్డ, వేరే బకెట్, వాటి పని ముందే ముగించేయ్. ఆ తర్వాత కారంతా నీళ్లతో బాగా తడిపి వదులుగా ఉన్న మట్టి పోగొట్టి, పైకప్పు నుంచి కిందికి రా. తలుపుల కింది భాగం, వెనక బంపర్ ఆఖర్న, మట్టంతా అక్కడే ఉంటుంది. గుండ్రంగా తిప్పకుండా, నొక్కకుండా నిలువుగా లాగు. మన ఎండలకు కారంతా ఒకేసారి నురగ పట్టించొద్దు. ఒక తలుపు రుద్ది, కడిగి, పక్క తలుపుకి వెళ్లు. అంట్లు తోమే సబ్బు మాత్రం వద్దురా, జిడ్డుతోపాటు వాక్స్‌నీ ఊడ్చేస్తుంది.

ఆ తువ్వాలు సంగతి. దాన్ని నీ ఒళ్లు తుడుచుకోవడానికే ఉంచుకో. పెద్ద మైక్రోఫైబర్ గుడ్డ ఒకటి కొని, తడి మీద పరిచి మెల్లగా లాగితే చాలు, రుద్దక్కర్లేదు. దాన్ని విడిగా ఉతుకు, ఫాబ్రిక్ కండిషనర్ వెయ్యకు. చేజారి నేల మీద పడిందా, ఇక ఆ రోజు దానికి సెలవే.

ఇక పిట్ట రెట్టలు. వీటి విషయంలో నేను ఎంత పిచ్చివాడినో మా ఆవిణ్ణి అడుగు. రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. వేడికి పెయింట్ పైపొర కాస్త మెత్తబడి సాగుతుంది, రెట్ట దాన్ని పట్టుకుని గట్టిపడుతుంది. పొర చల్లారి ముడుచుకునేసరికి ఆ ఆకారమే అచ్చు పడిపోతుంది. మండే ఎండలో ఒక్కపూట చాలు. అందుకే కారులో చిన్న నీళ్ల సీసా, రెండు గుడ్డలు ఎప్పుడూ ఉంచుకో. గోరుతో గీకకు. తడిగుడ్డ కప్పి ఐదు నిమిషాలు నాననిచ్చి, పైకి ఎత్తినట్టు తీసెయ్. చెట్టు నీడ దొరికిందని సంబరపడే ముందు కూడా కొమ్మల వైపు ఒకసారి చూడు.

వాక్సా, సిరామిక్ కోటింగా అని అడిగావు. కర్నూబా వాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. మెరుపు అద్భుతం, కానీ మన వేడికి కొద్ది వారాలే నిలుస్తుంది. సింథటిక్ సీలెంట్, అంటే రసాయనాలతో తయారుచేసిన పూత, కొన్ని నెలలు ఉంటుంది, ఇంట్లోనే పూసుకోవచ్చు. నేను వాడేది అదే, నీకూ అదే చాలంటాను. సిరామిక్ అంటే రంగు మీద గాజులా గట్టిపడే పూత, అది ఏళ్ల తరబడి ఉంటుంది కానీ, అది వేయించాక కడగక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకు. దాని మీదా నీటి మరకలు పడతాయి, ఇసుకతో రుద్దితే గీతలూ పడతాయి. ఏది పూసినా చల్లటి రేకు మీద, పలచగా.

బాడీ కవర్ కొంటానన్నావు కదా, దుమ్ము పట్టిన కారు మీద మాత్రం కప్పకు. గాలికి కవర్ ఊగిన ప్రతిసారీ అదే గీతలు గీస్తుంది. గాలి ఆడే రకం అయితేనే తీసుకో, లేకపోతే లోపల చెమ్మ నిలుస్తుంది.

ఈసారి కడిగి ఆరబెట్టాక ఒక పని చెయ్యి. చేతికి పలచటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమురు. గాజులా జారిందా సరే సరి. గరగరలాడితే మొండి మురికి అతుక్కుందని లెక్క, క్లే బార్ పట్టించాలి, అంటే మురికిని అంటించుకుని లాగేసే మెత్తటి మట్టిముద్దలాంటిది. అది నేనొచ్చినప్పుడు కలిసి చేద్దాం, నువ్వొక్కడివే మొదలెట్టకు. ఏం తగిలిందో వెంటనే రాయి. ఈసారి ఫోటోలో నీ నీడ పొడుగ్గా ఉండాలి.

నీ
చంద్రం